తునికిబాయిలో ఎండాకాలం

ఇబ్రహీంపట్నం నుంచి తునికిబాయికి ఇరవై ఆరు కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్ల దాకా తారు రోడ్డు ఉంది. గుట్టల మొదట్లో అది ఆగిపోతుంది. అక్కణ్ణుంచి అడవిలో రాళ్ల బాట. వానాకాలంలో వాగు దాటాలంటే నడుము లోతు నీళ్లు. ఆటోలు వాగు ఇవతలే ఆగుతాయి. ఆ పైన ఎవరైనా నడవాల్సిందే.

ఊరంటే ఇరవై ఏడు ఇళ్లు. మూడు తరాల కింద తునికాకు కోతకు వచ్చినవాళ్లు, బండ కింద నీటి ఊట చూసి అక్కడే ఉండిపోయారు. చుట్టూ తునికి, మోదుగ, సీతాఫలం చెట్లు. బడి ఉండేది, పిల్లలు తక్కువయ్యారని మూతపడింది. ఆశా కార్యకర్త నెలకోసారి వస్తుంది. ఫోను మాట్లాడాలంటే ఊరి పైనున్న నల్లబండ ఎక్కాలి.

ఈ ఊరికి బయటివాళ్లలో బాగా తెలిసిన మనిషి అజీముద్దీన్. ఇబ్రహీంపట్నంలో పండ్ల వ్యాపారం. ముప్పై ఏళ్లుగా సీతాఫలాల కాలంలో ఒకసారి, చింతపండు కాలంలో ఒకసారి తునికిబాయికి వచ్చి కొనుక్కుపోతాడు. తూకంలో మోసం చేయడని పేరు. సుక్కమ్మ భర్తను పాము కరిచిన రోజు ఆయన్ను వాగు దాకా భుజం మీద మోసింది అజీముద్దీనే. దవాఖానకు చేరేలోపు మనిషి దక్కలేదు. అయినా ఆ మోసిన భుజాన్ని ఊరు మరిచిపోలేదు. అన్నా అనే పిలుస్తారు.

ఆయన కూతురు ఉమ్మే కుల్సుమ్. ఇరవై ఆరేళ్లు. గ్రామీణాభివృద్ధిలో పీజీ చేసి రెండేళ్లు ఖాళీగా ఉంది. ఆ తర్వాత మన్నెగూడలో టైల్స్ దుకాణం పైనున్న ఒక చిన్న సంస్థలో ఉద్యోగం దొరికింది. దాని యజమాని రితేష్. మారుమూల పల్లెల మీద పుస్తకం వేస్తున్నామని, ఒక్కో ఊరి గురించి సమగ్రంగా రాయాలని చెప్పాడు. అరవై నాలుగు ప్రశ్నల పట్టిక చేతికిచ్చాడు.

"నీకు దగ్గర్ల అడవి లోపల ఊరేదన్న తెలుసా?" అని అడిగాడు.

కుల్సుమ్ వెంటనే తునికిబాయి పేరు చెప్పింది. చిన్నప్పుడు రెండుసార్లు తండ్రితో వెళ్లింది. రితేష్ ఆ పేరు విని తలూపాడు. అతనికి ఆ పేరు ముందే తెలుసని అప్పుడామెకు తోచలేదు.

డిసెంబరులో వెళ్లి మూడు వారాలు అక్కడే ఉంది. మొదటిరోజు ఎవరూ సరిగా మాట్లాడలేదు. కాగితాలు పట్టుకొచ్చినవాళ్లంటే ఊరికి భయం. సుక్కమ్మ మేకల దొడ్డి ఊడుస్తూ తలెత్తకుండానే అడిగింది.

"ఎవరి పిల్లవు?"

"అజీముద్దీన్ బిడ్డను పెద్దమ్మా. పండ్ల సాయిబు."

సుక్కమ్మ చీపురు కింద పెట్టింది. దగ్గరికొచ్చి మొహం చూసింది. "అవ్, గదే ముక్కు" అంది. ఆ పూట నుంచి కుల్సుమ్ బస సుక్కమ్మ ఇంట్లోనే.

ఆ ఇంట్లో సుక్కమ్మ, కొడుకు హరీశ్, కోడలు నర్మద, ఏడు నెలల మనవడు. హరీశ్ కొంగరకలాన్ దిక్కు కడుతున్న బిల్డింగుల్లో సెంట్రింగ్ పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. నర్మద తక్కువ మాట్లాడేది. ఒకరోజు జొన్నరొట్టె చేస్తూ తన కాన్పు సంగతి చెప్పింది. మే నెలలో, మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చాయి. బాట మీద తీసుకుపోయే వీలు లేకపోయింది. సుక్కమ్మే మంత్రసాని పని చేసింది. మూడు రోజుల తర్వాత ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను తూచి కార్డు రాసిచ్చింది.

కుల్సుమ్ అన్నీ రాసుకుంది. ఊట దగ్గర బిందెల వరుస ఎలా ఉంటుందో, ఎవరి మేకలు ఏ వాలులో మేస్తాయో, చనిపోయినవాళ్లను ఎక్కడ పెడతారో, ఏ చెట్టు పండ్లు ఎవరివని ఒప్పందమో. పట్టికలో అడిగినవాటికి రెండింతలు రాసింది. రాస్తుంటే సంతోషంగా ఉండేది. ఇంతకాలం చదివిన చదువు ఇప్పుడే అక్కరకొచ్చిందనిపించేది.

నలభై ఒకటో ప్రశ్న దగ్గర మాత్రం చేయి ఆగింది. 'ఊరు ఏ నెలల్లో ఖాళీ అవుతుంది? ఎంతమంది వెళ్తారు? ఎక్కడికి?'

ఊరి పెద్ద బుగ్గయ్యను అడిగింది. డెబ్బై దాటిన మనిషి. బండ మీద కూచుని తాడు పేనుతున్నాడు.

"ఎండకాలం ఊట సన్నగైతది" అన్నాడాయన. "అందరికి చాలయి నీళ్లు. పనికి చాతనైనోళ్లు రావిర్యాల దిక్కు పోతరు. వానలు పడంగనే వస్తరు." ఇంతలో తాడు పేనడం ఆపాడు. "గది రాస్తే ఏమైతది బిడ్డా?"

"ఏంకాదు తాతా."

"ఇంటి పట్టాలకు దరఖాస్తులు పెట్టినం. ఊళ్లె మంది ఉంటలేరంటే ఇయ్యరంట గద?"

కుల్సుమ్‌కు ఆ మాట గుచ్చుకుంది. నల్లబండ ఎక్కి రితేష్‌కు ఫోను చేసింది. ఆ ఒక్క ప్రశ్న వదిలేయవచ్చా అని అడిగింది.

"అన్ని ప్రశ్నలు వదిలెయ్, అది వదలకు" అన్నాడు రితేష్. తర్వాత నవ్వాడు. "మంచిగ రాస్తున్నవ్ కుల్సుమ్. వచ్చే నెల నిన్ను పర్మనెంట్ చేద్దామనుకుంటున్న."

ఆమె బండ దిగింది. అంత పట్టుపట్టి ఎందుకు అడుగుతున్నాడని మనసులో మెదిలింది. కానీ ఉద్యోగం మాట ఆ ఆలోచనను పక్కకు తోసింది. బుగ్గయ్య దగ్గరికి వచ్చి కూచుంది.

"పుస్తకం కోసమే తాతా. నా మాట నమ్ము."

బుగ్గయ్య తాడు పక్కన పెట్టాడు. "అజీమన్న బిడ్డవు. నమ్మకేం" అని అంతా చెప్పాడు. ఎవరెవరు పోతారు, ఎవరెవరు ఉంటారు. ఆమె ఇలా రాసుకుంది: 'వేసవిలో పని కోసం చాలా ఇళ్లవాళ్లు ఊరు విడిచి వెళ్తారు, కానీ ముసలివాళ్లు, బాలింతలు, మేకలు కాసేవాళ్లు ఇక్కడే ఉంటారు, ఊరు ఏ రోజూ పూర్తిగా ఖాళీ కాదు.'

జనవరిలో డెబ్బై పేజీల నివేదిక ఇచ్చింది. రితేష్ తిరగేసి మెచ్చుకున్నాడు. ప్రతి పేజీ మీద సంతకం పెట్టమన్నాడు. చివర్లో నాలుగు ఖాళీ పేజీలు. పైన 'సారాంశం' అని మాత్రం ఉంది.

"ఇవి టైపు చేయించాలె. సంతకం పెట్టు, మళ్ల నిన్ను పిలిచే పని ఉండది."

పెట్టింది. చేతిరాత డైరీలు కూడా ఆఫీసుకే ఇచ్చింది. వారం తిరక్కుండా పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు అజీముద్దీన్ వీధంతా కద్దూకీ ఖీర్, అంటే సొరకాయ పాయసం, పంచాడు.

మార్చిలో ఆయన చింతపండు కొనడానికి తునికిబాయి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, ఖాళీ సంచులు వరండాలో పడేసి, చెప్పులు విప్పకుండానే కూచున్నాడు. భార్య సయీదా బేగం నీళ్లిస్తే తాగలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి కూతురి ముందు పెట్టాడు.

"గిది నీ సంతకమేనా?"

అది ఏప్రిల్‌లో విచారణ ఉందని రెవెన్యూ ఆఫీసు పంపిన నోటీసు నకలు. తునికిబాయి పట్టాల మీద అభ్యంతరం వేశారు. గుట్ట కింది వాలు భూమిని కొన్న ఒక కంపెనీ వేసింది. అడవిలో విడిది కాటేజీలు కట్టబోతోందట. రుజువుగా నాలుగు పేజీలు జోడించింది. 'తునికిబాయి శాశ్వత నివాసం కాదు. వేసవిలో పని కోసం చాలా ఇళ్లవాళ్లు ఊరు విడిచి వెళ్తారు. వీరు రావిర్యాల, కొంగరకలాన్ ప్రాంతాల్లో పనిచేసుకుంటారు.' కింద ఆమె సంతకం.

"నాదే" అంది కుల్సుమ్. "కానీ నేను ఇట్ల రాయలే అబ్బాజాన్."

"నేను ఊళ్లెకు పోంగనే బుగ్గయ్య కాక లేచి నిలబడ్డడు. ముప్పై ఏండ్ల సంది నన్ను చూసి ఎన్నడు లేవలే. పరాయోడు వచ్చినట్టు లేచిండు." అజీముద్దీన్ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "నా పేరు చెప్పి పోయినవ్ గద బిడ్డా. సంతకం పెట్టేముందు నన్నొక్క మాట అడిగితే అయిపోయేది గద."

మర్నాడు పొద్దున్నే ఆమె మన్నెగూడ వెళ్లింది. రితేష్ టీ తాగుతున్నాడు. కాగితాలు చూపిస్తే ఆశ్చర్యపోయినట్టు నటించనైనా లేదు.

"పుస్తకమని చెప్పిన్రు" అంది.

"పుస్తకం కూడా వస్తది. కంపెనీవాళ్లు మన క్లయింట్లు. నీ జీతం ఎక్కడినుంచి వస్తుందనుకున్నవ్?"

"నేను రాసింది సగానికి కోసిన్రు. 'కానీ' అని ఉండె అక్కడ. ఊరు ఖాళీ కాదని రాసిన."

"కుల్సుమ్, కూసో. ఇందుల ఒక్క అబద్ధం చూపియ్. ఒక్క మాట నీది కానిది చూపియ్."

ఆమె ఆ నాలుగు పేజీలు మళ్లీ చదివింది. శాశ్వత నివాసం కాదన్న మొదటి ముక్క తప్ప మిగతా మాటలన్నీ తనవే. ఊట సన్నబడటం తను రాసిందే. బడి మూతపడటం తను రాసిందే. సుక్కమ్మ ఇంట్లో కూచుని, ఆమె చేసిన రొట్టె తింటూ రాసినవి.

"డైరీలు ఇయ్యిన్రి."

"అవి ఆఫీసు ఆస్తి. జాయినింగు కాగితం చదువుకో." రితేష్ గ్లాసు పక్కన పెట్టాడు. "చూడు, వాళ్లు రేపైనా ఎల్లుండైనా కిందికి దిగేవాళ్లే. నువ్వు ఫికర్ చెయ్యకు. ఇంకో రెండు ఊర్లున్నయ్, నువ్వయితే మంచిగ చేస్తవ్."

కుల్సుమ్ మెడలోంచి గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక, సాగర్ రోడ్డు లారీల హోరులో నిలబడి ఏడ్చింది. మోసం చేసినవాడి మీద కంటే, నల్లబండ మీద నిలబడి అనుమానాన్ని పక్కకు తోసిన తన మీదే ఆమెకు ఎక్కువ కోపంగా ఉంది.

మూడోరోజు తునికిబాయి వెళ్లింది. తండ్రి రానన్నాడు. ఒక్కతే నడిచింది. వాగు ఎండిపోయి ఉంది. సుక్కమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది.

"దాహమైతే ఆడ కుండల నీళ్లున్నయ్, తాగు. లోపటికి రాకు."

కుల్సుమ్ వాకిట్లోనే నిలబడి జరిగిందంతా చెప్పింది. ఖాళీ పేజీల సంగతి కూడా దాచలేదు. సుక్కమ్మ అంతా విన్నది.

"మా ఇంట్ల పండుకున్నవ్. నా మనుమన్ని ఎత్తుకున్నవ్" అంది చివరికి. "దొంగ వస్తే తలుపేసుకుంటం. నీకు మేమే తలుపు తీసినం."

"విచారణకు నేనొస్త పెద్దమ్మా. నిజం చెప్త."

"నువ్వు చెప్పినందుకే గద ఇట్లయింది."

కుల్సుమ్ వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగి, లోపల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూచున్న నర్మదతో అంది. "అక్కా, పిలగాని కార్డు తీస్కరా. అండ్ల పుట్టిన తారీకు, పుట్టిన ఊరు రాసుంటది. మే నెల."

నర్మద తల ఎత్తలేదు. విన్నదో లేదో తెలియలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఇబ్రహీంపట్నం రెవెన్యూ ఆఫీసులో విచారణ. తునికిబాయి నుంచి నలభై మంది తెల్లవారుజామునే బయల్దేరి నడిచి, ఆటోలెక్కి వచ్చారు. కంపెనీ తరఫున వకీలు నాలుగు పేజీలు చదివాడు. ఇవి రాసినామె ఆ ఊరి అమ్మాయి లాంటిదేనని, ఆ ఊళ్లోనే ఉండి రాసిందని చెప్పాడు. జనంలోంచి కొందరు తిరిగి వెనక కూచున్న కుల్సుమ్‌ను చూశారు.

ఆమె లేచింది. తన పేరు చెప్పింది. ఆ సంతకం తనదేనని, పూర్తి నివేదికలో ఊరు ఏ రోజూ ఖాళీ కాదని రాశానని, సారాంశం పేజీలు ఖాళీగా ఉన్నప్పుడు సంతకం చేశానని చెప్పింది.

విచారణ చేస్తున్న అధికారిణి కళ్లజోడు తీసింది. "చదువుకున్నదానివి. ఖాళీ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టావమ్మా?"

అబద్ధమాడాలంటే ఏదో ఒకటి దొరికేదే. తొందరలో అని, మోసపోయి అని.

"పర్మనెంట్ చేస్తనన్నరు మేడం" అంది కుల్సుమ్. "అనుమానం వచ్చింది. అయినా పెట్టిన."

బుగ్గయ్య తల దించుకున్నాడు. అజీముద్దీన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలియదు.

ఉద్యోగం మానేశాక కోపంతో చెబుతున్న మాటలివని వకీలు అన్నాడు. అప్పుడు నర్మద లేచింది. ఎవరూ పిలవకుండానే ముందుకు నడిచి, కొంగు ముడి విప్పి, నూనె మరకలు పడిన కార్డును బల్ల మీద పెట్టింది.

"నా కొడుకు మే పదకొండు నాడు ఆడ పుట్టిండు. ఊరు ఖాళీగుంటే నాకెవరు పురుడు పోసిన్రు?"

అధికారిణి కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ రోజు తీర్పు చెప్పలేదు. వేసవిలో తానే స్వయంగా వచ్చి చూస్తానని, అప్పటిదాకా ఎవరూ ఏమీ చేయవద్దని రాసింది. ఏ రోజు వస్తుందో చెప్పలేదు.

అందుకే ఆ ఎండాకాలం తునికిబాయి నుంచి ఎవరూ పనికి పోలేదు.

మనుషులు లేరని ఎవరైనా అంటారేమోనని ఇరవై ఏడు ఇళ్లవాళ్లూ ఊళ్లోనే ఉండిపోయారు. ఏప్రిల్ చివరికి ఊట చిటికెన వేలంత అయింది. ఒక బిందె నిండాలంటే రెండు గంటలు. పగలూ రాత్రీ వంతులు వేసుకున్నారు. తాగడానికే నీళ్లు, స్నానాలు లేవు. సగం మేకల్ని నీళ్లు లేక అమ్ముకున్నారు. మే నెల ఎండల్లో బుగ్గయ్యకు వడదెబ్బ తగిలితే మంచంతో సహా మోసుకుంటూ వాగు దాటించారు. దవాఖానలో నాలుగు రోజులున్నాడు. ఐదోరోజు డాక్టరు వద్దంటున్నా ఊరికి తిరిగొచ్చాడు.

"నేను లేనప్పుడు వచ్చి లెక్క పెడితే ఒకడు తక్కువైతడు" అన్నాడట.

కుల్సుమ్‌కు ఈ సంగతులన్నీ తండ్రి ద్వారా తెలిసేవి. రెండుసార్లు నీళ్ల ట్యాంకరు మాట్లాడి పంపింది. గుట్టల మొదట్లోనే అది ఆగిపోయింది, ఆ పైన ట్యాంకరు పోయే బాట లేదు. ఊరివాళ్లు కిందికి దిగి ఆ నీళ్లు పట్టుకున్నారు. ఎవరు పంపారని మాత్రం అడగలేదు.

మే ఇరవై తర్వాత ఒక ఉదయం అధికారిణి ఇద్దరు మనుషులతో నడిచి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది. ఊట దగ్గర వరుసలో ఉన్న బిందెలు చూసి చాలాసేపు అక్కడే నిలబడింది. ఆగస్టులో ఇరవై ఏడు ఇళ్లకూ పట్టాలొచ్చాయి. గుట్ట కింది వాలు మాత్రం దక్కలేదు. అది కంపెనీ ఎప్పుడో కొన్న భూమి, కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. వానలు తగ్గగానే దాని చుట్టూ కంచె పడింది. ఊరి సీతాఫలం చెట్లలో మూడోవంతు కంచె లోపలికి పోయాయి.

అక్టోబరులో అజీముద్దీన్ గంపలతో పైకి వెళ్లాడు. మిగిలిన పండ్లను ఆ ఏడు ఇంకో వ్యాపారికి ఇస్తామని ఒప్పుకున్నట్టు చెప్పారు.

"నీ మీద ఏం లేదు అజీమన్న" అన్నాడు బుగ్గయ్య. "నువ్వు గట్లాంటోనివి కాదు, మాకెరుకే. కానీ మిగిలిన ఇండ్లోళ్లు ఒప్పుకుంటలేరు. నేనొక్కన్ని చెప్తే నడిచే కాలం పోయింది."

అజీముద్దీన్ చాయ్ తాగి దిగి వచ్చాడు. ఆ ఏడాది నుంచి ఆయన మార్కెట్‌లో కొని మార్కెట్‌లోనే అమ్ముతున్నాడు. కూతురితో మామూలుగానే మాట్లాడతాడు. తునికిబాయి మాట వచ్చినప్పుడు మాత్రం లేచి పక్కగదిలోకి పోతాడు.

కుల్సుమ్ ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికం చెబుతోంది. మొన్న సంతలో సుక్కమ్మ కనిపించింది. ఎండుమిర్చి కొంటోంది. కుల్సుమ్ దగ్గరికి వెళ్లి పలకరించింది. మొహం తిప్పుకుంటుందనుకుంది కానీ, సుక్కమ్మ తిప్పుకోలేదు.

"పిలగాడు ఎట్లున్నడు పెద్దమ్మా?"

"మంచిగున్నడు."

"నర్మదక్క?"

"మంచిగున్నది."

"ఊట?"

సుక్కమ్మ మిర్చి సంచి మూతి కట్టి నెత్తిన పెట్టుకుంది.

"నీ మీద పగ లేదు బిడ్డా" అంది. "ఆఫీసుల అందరి ముంగట తప్పొప్పుకున్నవ్. అది చిన్న సంగతి కాదు. కానీ నీ ముంగట నోరిప్పాలంటే నాకు భయమైతుంది. ఏ మాట ఎటు పోతదో."

ఆటో వచ్చింది. సుక్కమ్మ సంచి కింద దించి, ఎక్కి కూచుంది. కుల్సుమ్ సంచి అందించబోతే వద్దని తనే ఒళ్లోకి తీసుకుంది. ఆటో కదిలి జనంలోకి పోయింది. కుల్సుమ్ ఇంటికి వెళ్లాక, సంతలో ఎవరు కనిపించారని తల్లి అడిగితే, ఎవరూ లేరంది.